ఎదురింటి కెమెరాలో మా గుమ్మం పడుతోంది. ఇది చట్టం ఒప్పుకునేదేనా?

నిజాంపేట గృహిణి:
మాది 20 అడుగుల గల్లీ. బండి పోయిందని ఎదురింటి వాళ్లు డాబా మీద కెమెరా పెట్టించారు. గల్లీ పడితే పడనివ్వండి. మా గేటు, వరండా, బట్టలారేసే తీగ కూడా పడుతున్నాయి. పొద్దున్నే ముగ్గు వేయడానికి వంగాలంటేనే ఇబ్బందిగా ఉంది. అడిగితే "రోడ్డు అందరిదీ కదా" అన్నారు. అంతేనా?

ఉప్పల్ వాసి:
వాళ్ల టెన్షన్ కూడా చూడండమ్మా. మా బండి పోయినప్పుడు స్టేషన్‌లో మొదట అడిగింది చుట్టుపక్కల కెమెరాలు ఉన్నాయా అనే. మూడిళ్ల అవతలి ఫుటేజీతోనే దొరికింది. "నేను సైతం" అంటూ కాలనీల్లో కెమెరాలు పెట్టుకోమని చెప్పింది పోలీసులే. కెమెరాలు పెట్టాలని చెప్పే 2013 ప్రజా భద్రత చట్టం కూడా ఉంది. రోడ్డు తీయడం నేరమని ఎక్కడా లేదు.

సిటీ కోర్టు లాయర్:
ఆ 2013 చట్టం జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, ఆస్పత్రుల లాంటి చోట్లకు. ఇళ్లకు కాదు. రోడ్డు తీయడం దానంతట అదే నేరం కాదన్న మాట మాత్రం నిజమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారాన్ని మినహాయించింది. అసలు చిక్కు ఇక్కడే. ఎదురింటి వరండా "ఇంటి అవసరం" కిందికి ఎలా వస్తుంది? చెక్ రిపబ్లిక్‌లో కిటికీలు పగలగొట్టారని ఒకాయన పెట్టిన కెమెరాలో వీధి, ఎదురిల్లు పడ్డాయి. అది కేవలం ఇంటి వ్యవహారం కాదని యూరోపియన్ యూనియన్ కోర్టు 2014లో తేల్చింది. ఆ తీర్పు మనకు వర్తించదు, కానీ తర్కం గట్టిది. మనకు 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు ఉంది, గోప్యత ప్రాథమిక హక్కని. భద్రత పేరుతో పొరుగింట్లోకి తొంగిచూడకూడదని కేరళ హైకోర్టు 2023లో అన్నది. బాత్రూమ్ కిటికీ లాంటిది పడితే సంగతి వేరు, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద క్రిమినల్ కేసే.

లండన్ తెలుగోడు:
మాటలు కూడా రికార్డవుతున్నాయా, కనుక్కోండి. ఇక్కడ ఆక్స్‌ఫర్డ్ కోర్టులో 2021లో డోర్‌బెల్ కెమెరా కేసులో జడ్జి గట్టిగా తప్పుపట్టింది ఆడియోనే.

ఉప్పల్ వాసి:
వరండా సంగతి ఒప్పుకుంటాను. కానీ కెమెరా తీసేయమంటే మాత్రం ఒప్పుకోను.

నిజాంపేట గృహిణి:
తీసేయమని నేనూ అనట్లేదు అన్నయ్యా. గల్లీలో పోయేవాళ్లు నన్ను చూసి మర్చిపోతారు. మా ఇంటికి ఎవరొచ్చారు, ఎప్పుడెళ్లారు అన్నది రోజూ ఒకరి ఫోన్‌లో దాచి ఉండటం వేరు.

సిటీ కోర్టు లాయర్:
నోటీసు దాకా ఇప్పుడే వెళ్లొద్దమ్మా. చాలా కెమెరాల్లో కొంత భాగాన్ని నల్లగా కప్పేసే సెట్టింగ్ ఉంటుంది. ముందు అది అడగండి. వినకపోతే కాలనీ సంఘానికి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

నిజాంపేట గృహిణి:
ఆదివారం మా ఆయనతో కలిసి వెళ్తాను. వాళ్ల ఫోన్‌లోనే మా గేటు ఎంత పడుతోందో చూపించమంటాను.