సర్జన్ అయిన మా ఆయన్ని కౌన్సెలింగ్‌కి ఎలా ఒప్పించాలి?

మాది విజయవాడ. మా ఆయన సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ సర్జన్. నెల కిందట ఆపరేషన్ టేబుల్ మీదే ఒక కుర్రాడు పోయాడు. తప్పు ఈయనది కాదని తోటి డాక్టర్లే అన్నారు. అయినా అప్పట్నుంచి మనిషి మనిషిలా లేరు. రాత్రి రెండింటికి లేచి వంటింటి సింకు దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుంటున్నారు, అచ్చం ఆపరేషన్‌కి ముందు కడుక్కున్నట్టే. పెరుగన్నం కలిపి పెడితే కంచంలోనే ఎండిపోతోంది.

బర్నవుట్, అంటే ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడం, పని వల్ల వచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో చెప్పింది, సెలవు పెట్టండి అంటే "నా కేసులు ఎవరు చూస్తారు?" అంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేద్దాం, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు అన్నా వినరు. సైకియాట్రిస్టు మాటెత్తితే "ఊళ్లో డాక్టర్లంతా తెలిసినవాళ్లే, రేపు నాకు కేసులు పంపుతారా?" అని కోపం. మా అత్తయ్యగారేమో రోజూ దిష్టి తీస్తున్నారు, అది వేరే కథ.

మీ ఇళ్లలో సర్జన్లుంటే చెప్పండి. గుంటూరులో గానీ ఆన్‌లైన్‌లో గానీ గుట్టుగా మాట్లాడే కౌన్సెలర్‌ని ఎలా వెతుక్కున్నారు? నైట్ కాల్స్ తగ్గించమంటే మేనేజ్‌మెంట్ ఒప్పుకుందా? నేనేం మాట్లాడాలి? మొన్న "ఇక మర్చిపోండి" అన్నాను. లేచి బయటికి వెళ్లిపోయారు.