పర్లాకిమిడి లైనులో పాసింజరు వేళలకీ రోడ్డు మీద రద్దీకీ లింకు ఏమిటి?

మహేంద్రగిరి:
పొద్దున, సాయంత్రం పర్లాకిమిడి నుంచి పాతపట్నం, టెక్కలి మీదుగా హైవేకి వెళ్లే రోడ్డంతా బైకులు, షేరింగ్ ఆటోలే. పక్కనే నౌపడ–గుణుపూర్ లైను ఉంది, 2011కల్లా గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజి అయింది. ఒకటి రెండు పాసింజరు రైళ్లు లేకపోతేనే రోడ్డు ఇంతలా నిండిపోతుందా? ఊరి ఎదుగుదల మీద దీని ప్రభావం ఎంత? రైల్వేకి వినతిపత్రం రాయాలి, లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

లైన్‌క్లియర్:
మనుషుల్ని కాదండీ, వాళ్లు రోడ్డు మీద ఆక్రమించే జాగాని లెక్కపెట్టాలి. జనరల్ బోగీలో 90 సీట్లు. పది బోగీలు నిండితే 900 మంది. వాళ్లని 50 సీట్ల బస్సుల్లో ఎక్కిస్తే 18 బస్సులు. రోడ్డు ఇంజనీర్లు బస్సుని 3 కార్ల కింద, బైకుని అర కారు కింద కడతారు కాబట్టి 54 కార్ల జాగా. అదే ఇద్దరేసి చొప్పున బైకులెక్కితే 450 బైకులు, 225 కార్ల జాగా. రైలు అందనివాడు ఎక్కువగా కొనుక్కునేది బైకే. పైగా ఇవన్నీ కాలేజీ, ఆఫీసు వేళకే ఒకే దారిన పడతాయి.

లాస్ ఏంజెలస్‌లో 2003లో రైళ్లు, బస్సులు 35 రోజులు సమ్మెలో ఉంటే ఫ్రీవేల (అక్కడి పెద్ద హైవేల) మీద ఆలస్యం సగటున 47 శాతం పెరిగింది. ఆ ఊళ్లో రైలు, బస్సు ఎక్కేవాళ్లు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమందీ తిరిగేది సరిగ్గా ఇరుకు దారుల్లోనే.

వంశధార ఒడ్డు:
ఎదుగుదల సంగతి నేను చెప్తాను. ఎన్ని బండ్లు అన్నది తర్వాత, వేళ ముందు. తొమ్మిదిన్నరకి డ్యూటీలో ఉండాల్సినవాడిని పదింబావుకి దింపే బండి ఉన్నా లేనట్టే. సీజన్ టికెట్ (రోజూ తిరిగేవాళ్ల నెల పాసు) 150 కి.మీ. దాకా ఇస్తారు, సెకండ్ క్లాసులో నెలకి సుమారు 15 సింగిల్ టికెట్ల ఖరీదు. వేళ కుదిరితే పర్లాకిమిడిలో ఇల్లు ఉంచుకుని శ్రీకాకుళం వైపు ఉద్యోగం చేసుకోవచ్చు. కుదరకపోతే మకాం ఎత్తేస్తారు. విశాఖలో అద్దెలు పెరుగుతాయి, ఇక్కడ కొట్లకి బేరాలు పడిపోతాయి.

కోవిడ్ తర్వాత పాసింజర్లలో కనీస చార్జీ 10 నుంచి 30 రూపాయలైంది, 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దిగింది. ఈలోగా బైకు కొని వాయిదాలు కట్టుకుంటున్నవాడు చార్జీ తగ్గిందని వెనక్కి రాడు. అందుకే బండి ఆపడం సులువు, పోయిన జనాన్ని తెచ్చుకోవడం కష్టం.

మహేంద్రగిరి:
రైల్వేవాళ్లు లైన్లో ఖాళీ లేదంటే ఏం చెప్పాలి?

లైన్‌క్లియర్:
సింగిల్ లైనుకి సూత్రం ఉంది. రెండు క్రాసింగ్ స్టేషన్ల (ఎదురెదురు బండ్లు దాటుకునే చోట్ల) మధ్య అన్నిటికన్నా నెమ్మది బండికి పట్టే నిమిషాలకి లైన్ క్లియర్ (తర్వాతి బండికి దారి ఇచ్చే) నిమిషాలు కలిపి, దానితో 1440ని భాగించి 0.7తో గుణించాలి. నడకకి 40 నిమిషాలు, లైన్ క్లియర్‌కి 5 వేసుకుని చూసినా రెండు వైపులా కలిపి రోజుకి 22 బండ్లు వస్తాయి. బ్రాంచిలో ఇరుకు లేదు. ఇరుకంతా నౌపడ దగ్గర హౌరా–చెన్నై మెయిన్ లైనెక్కాకే: ఎక్స్‌ప్రెస్సులకి దారివ్వడానికి పాసింజరుని లూపులో (పక్క పట్టాల మీద) పెట్టేస్తారు. కాబట్టి విశాఖ దాకా కొత్త బండి అడగడం కన్నా నౌపడ దాకా షటిల్ (అటూ ఇటూ తిరిగే చిన్న బండి), అక్కడ పలాస–విశాఖ పాసింజరుకి 15–20 నిమిషాల్లో కనెక్షన్ అడగండి. మెము రేకు (కరెంటుతో నడిచే లోకల్ బండి) కావాలని కూడా రాయండి. దానికి రెండు కొసలా డ్రైవర్ క్యాబు ఉంటుంది, ఇంజను విప్పి అటు తిప్పి తగిలించే పని తప్పుతుంది.

వంశధార ఒడ్డు:
వినతి ఒకచోట ఇస్తే చాలదు. 2025 ఫిబ్రవరిలో ఖరారైన హద్దుల ప్రకారం నౌపడ–పర్లాకిమిడి ముక్క సౌత్ కోస్ట్ రైల్వే జోనుకి, పర్లాకిమిడి–గుణుపూర్ ముక్క ఈస్ట్ కోస్ట్‌లోని కొత్త రాయగడ డివిజనుకి. 90 కి.మీ. లైనుని మన ఊరి దగ్గరే రెండుగా కోశారు. ఒకరు ఒప్పుకుని ఇంకొకరు కాదంటే బండి కదలదు. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే కాగితం ఇవ్వండి.

ముందు పది రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పెట్టి స్టేషన్లవారీగా నెలనెలా అమ్మిన టికెట్లు, సీజన్ టికెట్లు, బండ్లు వాస్తవంగా చేరిన వేళలు అడగండి. జవాబుకి 30 రోజుల గడువు. ఈలోగా రోడ్డు లెక్క తీయండి: సంత లేని మూడు పనిరోజులు, పొద్దున 7 నుంచి 11 దాకా, పావుగంటకోసారి ఏ వాహనం ఎన్ని, లోపల ఎందరు. మనుషుల్ని రాయకపోతే రైలెక్కే జనం ఎందరో తేలదు. కాగితం మొదటి వాక్యంలోనే బండి నౌపడకి ఎన్నింటికి చేరాలో రాసేయండి.