రెండో మానిటర్‌ను ఏ పనికి ఎలా వాడుకుంటున్నారు?

ప్రశ్న (నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట)

మిత్రులకు నమస్కారం. నేను బియ్యం మిల్లుల లెక్కలు రాస్తుంటాను. ప్రతి నెలా 14వ తేదీన జీఎస్టీఆర్-2బీ (మాకు సరుకు అమ్మినవారు జీఎస్టీలో చూపిన బిల్లుల పట్టిక) వచ్చాక, 20వ తేదీలోగా 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) దాఖలు చేయడానికి ముందు, గోనె సంచుల బిల్లు మొదలుకొని మిల్లు విడిభాగాల బిల్లు వరకు మా కొనుగోళ్ల పద్దులో ఉన్న ప్రతిదాన్నీ ఆ 2బీతో సరిచూడాలి. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ మీద ఒక ఫైలు తగ్గించి మరొకటి తెరిచేలోపు బిల్లు నంబరులోని చివరి అంకెలు గుర్తుండడం లేదు. అందుకే 24 అంగుళాల మానిటర్ ఒకటి తీసుకోవాలని ఉంది. ఇప్పటికే రెండు తెరలతో పని చేస్తున్నవారు దేనిమీద ఏమి ఉంచుతారో, ఎలా అమర్చుకున్నారో దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (ఒంగోలు, డీటీపీ, ప్రూఫుల పని)

అయ్యా, తప్పకుండా తీసుకోండి. నా పద్ధతి ఏమిటంటే, రాసేది ఎదురుగా ఉన్న తెరమీద, చూసి సరిపోల్చుకునేది పక్క తెరమీద ఉంచుతాను. ఈ రెంటినీ ఎప్పుడూ తారుమారు చేయను కాబట్టి దేనికోసం ఎటు చూడాలన్నది ఆలోచించకుండానే చూపు అటు వెళుతుంది.

నా రెండో మానిటర్‌ను నిలువుగా తిప్పి పెట్టుకున్నాను. 24 అంగుళాల తెర సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు కాబట్టి, అడ్డంగా ఉంచితే పైన ఉండే పట్టీలు పోను పూర్తి పేజీ అసలు కొలతలో పట్టదు, నిలువుగా తిప్పితే పేజీ మొత్తం పట్టి ఇంకా చోటు మిగులుతుంది. తెలుగు ప్రూఫులకు ఇది చాలా ముఖ్యం. ల్యాప్‌టాప్ తెరలో పేజీ అంతా కనిపించేలా కుదిస్తే ‘థ’లోని చుక్క అలుక్కుపోయి ‘ధ’లా కనిపిస్తుంది, వత్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టుంటాయి. అసలు కొలతలో చూసినప్పుడు ఇలాంటి తప్పులు అచ్చుకు వెళ్లకముందే దొరుకుతాయి.

జవాబు (చీమకుర్తి, గ్రానైట్ ఎగుమతి కార్యాలయం)

పైన చెప్పినది పుస్తకాల పనికి సరైనదే కానీ, ప్రశ్న అడిగినవారికి నిలువు తెర నప్పదని నా అభిప్రాయం. 2బీ పట్టికలో 15 అక్షరాల జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, విలువ, ఆ తరువాత మూడు రకాల పన్నుల గడులు వరుసగా ఉంటాయి; నిలువు తెరమీద అవి పట్టక పక్కకు జరుపుతూ ఉండవలసి వస్తుంది. మేము కొనుగోలుదారు పంపిన ఆర్డరును ఒక తెరమీద, దిమ్మెల కొలతలు రాసే ప్యాకింగ్ జాబితాను మరో తెరమీద ఉంచుతాము, రెండూ అడ్డంగానే ఉన్నాయి.

తీగ తగిలించగానే రెండు తెరలమీదా ఒకే బొమ్మ కనిపిస్తే కంగారు పడకండి. విండోస్ మీటతో పాటు పి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకుంటే రెండో తెర విడిగా పని చేస్తుంది.

జవాబు (కావలి, ఇంటినుంచి ఉద్యోగం)

అన్నగారూ, రెండో తెర వచ్చిన కొత్తలో అక్కడ వాట్సాప్, మెయిల్ తెరిచి ఉంచాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. అలా చేయవద్దని గట్టిగా మనవి చేస్తున్నాను, ఎందుకంటే లెక్క మధ్యలో కంటి చివర ఏదో కదిలితే అంతవరకు చూసిన వరుస చెదిరిపోతుంది. పోల్చవలసిన కాగితం ఏదీ లేనప్పుడు నేను ఆ మానిటర్‌ను ఆపేస్తాను.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, మానిటర్‌కు లేదు. ఇన్వర్టర్ లైనులో లేని ప్లగ్గుకు పెడితే కరెంటు పోయినప్పుడు తెర ఆరిపోయినా, అందులోని ఫైళ్లు కొన్నిసార్లు అక్కడే ఉండిపోతాయి. అప్పుడు కింది పట్టీలో ఆ ఫైలును నొక్కి, విండోస్, షిఫ్ట్ మీటలతో పాటు బాణం మీట నొక్కితే అది ల్యాప్‌టాప్ తెరమీదికి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అడ్డంగానే పెట్టుకుంటాను. నా బల్ల వెడల్పు తక్కువ కాబట్టి మానిటర్‌ను ఎడమ గోడవైపు పూర్తిగా పక్కకు పెట్టవలసి వస్తుంది. రోజంతా మెడ తిప్పి చూడడం ఇబ్బంది కాదా?

జవాబు (ఒంగోలు)

తప్పకుండా ఇబ్బందే. పెద్ద మానిటర్‌నే మీ ఎదురుగా ఉంచి, పద్దు దానిమీద రాయండి. 2బీని ల్యాప్‌టాప్‌లో తెరిచి, దానిని ఎడమ పక్కన కొంచెం ఎత్తుపీట మీద, మీవైపు వాలుగా తిప్పి పెట్టండి. విడిగా కీబోర్డు, మౌస్ అవసరమవుతాయి. డిస్‌ప్లే సెట్టింగుల్లో కనిపించే రెండు చతురస్రాలను కూడా బల్లమీద ఉన్న వరుసలోనే జరపండి, లేకపోతే ఎడమ తెరమీదికి వెళ్లడానికి మౌస్ బాణాన్ని కుడివైపుకు తోయవలసి వస్తుంది.