ప్రమాదం తర్వాత మా ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా ఆయన జీడిమెట్లలో పవర్ ప్రెస్ ఆపరేటర్. ఐదు నెలల క్రితం కుడిచేతి మూడు వేళ్లు ప్రెస్‌లో పోయాయి. గాయం మానింది. ఈఎస్ఐ నుంచి జీతంలో 90 శాతం వస్తోంది, ఇల్లు ఎలాగో గడుస్తోంది. నేను అడిగేది డబ్బు సంగతి కాదు.

ఆయన ఎప్పుడూ చెయ్యి తువ్వాలు కింద దాచుకునే కూర్చుంటారు. పిల్లలు పడుకున్నాకే, ఎడమ చేత్తో స్పూను పట్టుకుని తింటారు. పక్కింట్లో మిక్సీ వేస్తే ఉలిక్కిపడి లేస్తారు. తోటి పనివాళ్లు ఫోన్ చేస్తే ఎత్తరు. మా అత్తగారేమో దిష్టి అంటారు (ఆవిడ బాధ ఆవిడది). డాక్టర్‌కి చూపిద్దామంటే "నాకేమన్నా పిచ్చా?" అని కోపం.

మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి నేనే ఫోన్ చేశాను. తెలుగులో ఓపిగ్గా మాట్లాడారు. ఆయన్ని మాట్లాడించమన్నారు. ఫోన్ చేతికిస్తే మా ఆయన కట్ చేసేశారు.

ఇలాంటి దెబ్బ తగిలి మళ్లీ పనిలోకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మొదట ఎవరి మాట విన్నారు? నిద్ర పట్టట్లేదని చెబితే ఈఎస్ఐ డాక్టర్ మానసిక వైద్యుడి దగ్గరికి రాసిస్తారా? వచ్చే నెల ఈఎస్ఐ మెడికల్ బోర్డు (వైకల్యం ఎంతో తేల్చే డాక్టర్ల బృందం) ముందుకు వెళ్లాలి. అక్కడ వేళ్లు మాత్రమే చూస్తారా, ఈ భయం గురించి కూడా చెప్పొచ్చా? మీ ఇంట్లో ఇలా జరిగి ఉంటే దయచేసి రాయండి.