క్రోమోజోమ్ మధ్యలో టెలోమియర్ చుక్క ఎందుకు కనిపిస్తోంది? (ఎమ్‌డీఎస్ స్లైడ్)

జెనెటిక్స్_పిల్ల:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫైనలియర్ నేను, ఒక సైటోజెనెటిక్స్ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ చేస్తున్నా. ఒక ఎమ్‌డీఎస్ (బోన్ మ్యారోలో రక్తకణాలు సరిగ్గా తయారవని ఒక రకం బ్లడ్ క్యాన్సర్) పేషెంట్ బోన్ మ్యారోకి టెలోమియర్ ఫిష్ (క్రోమోజోమ్ కొనలకి కాపుండే టెలోమియర్లని మెరిసే ప్రోబ్‌తో వెలిగించి చూసే టెస్ట్) చేస్తే ఒక క్రోమోజోమ్‌కి కొనల్లోనే కాకుండా మధ్యలో కూడా ఎర్ర చుక్క వస్తోంది. సీనియర్‌ని అడిగితే బ్యాక్‌గ్రౌండ్‌లే వదిలెయ్ అన్నారు, కానీ చూసిన మెటాఫేజ్‌లన్నిట్లో (విభజన మధ్యలో ఉన్న సెల్స్) అదే చోట ఉంటే బ్యాక్‌గ్రౌండ్ ఎలా అవుతుంది? ఇంకోటి, ముక్క ఊడిపోయిన క్రోమోజోమ్‌కి మళ్ళీ కొన ఎక్కడ్నుంచి వస్తుంది? సీఎమ్ఎల్‌లో (ఇదీ ఒక బ్లడ్ క్యాన్సరే) 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకునే సంగతి చదివాం గానీ అక్కడ ఇదెవరూ చెప్పలేదు.

సైటోల్యాబ్_అన్న:
చెప్పకపోవడానికి కారణం ఉందమ్మా, సీఎమ్ఎల్‌లో ఆ సమస్యే రాదు. 1960లో నోవెల్, హంగర్‌ఫోర్డ్ ఆ చిన్న ఫిలడెల్ఫియా క్రోమోజోమ్‌ని (పొట్టిదైపోయిన 22ని) చూసినప్పుడు ముక్క పోయిందనే అనిపించింది, 1973లో జానెట్ రౌలీ బ్యాండింగ్ చేసి (చారలు వచ్చేలా రంగు వేసి) చూస్తే ఆ ముక్క వెళ్ళి 9 మీద కూర్చుంది. అంటే రెండూ లోపల తెగి, కొనలు టెలోమియర్లతో సహా మార్చుకున్నాయి, కాబట్టి దేనికీ కొన లోటు లేదు.

నీ ఎమ్‌డీఎస్ కేసు వేరు. టీటీఏజీజీజీ అనే డీఎన్ఏ అక్షరాలు మళ్ళీ మళ్ళీ వచ్చే రిపీట్లున్న కొన, అంటే టెలోమియర్, పోతే మిగిలిన చివరని సెల్ డీఎన్ఏ తెగిన చోటుగానే చూస్తుంది, ఎలాగోలా అతికించాలని చూస్తుంది. ఒక్కోసారి టెలొమరేజ్ అనే ఎంజైమ్ వచ్చి నేరుగా కొత్త రిపీట్లు కట్టేస్తుంది, ఒక్కోసారి ఇంకో క్రోమోజోమ్ కొనని తెచ్చి తగిలించుకుంటుంది, లేదా బాగా అరిగిపోయిన కొన ఉన్న ఇంకోదానితో అతుక్కుపోతుంది. ఈ మూడోదాంట్లో అరగ్గా మిగిలిన కాస్త టెలోమియర్ మధ్యలో ఇరుక్కుపోతుంది, నీ చుక్క అదే అయ్యుండొచ్చు. డాపీలో (డీఎన్ఏకి వేసే నీలం రంగు) ఆ క్రోమోజోమ్‌కి రెండు చోట్ల నొక్కులు, అంటే సెంట్రోమియర్లు (విభజనలో క్రోమోజోమ్‌ని పట్టి లాగే చోట్లు), కనిపిస్తున్నాయా చూడు. సెంట్రోమియర్ ప్రోబ్ వేస్తే తేలిపోతుంది. ఎమ్‌డీఎస్, ఏఎమ్ఎల్‌లో (ఇంకో బ్లడ్ క్యాన్సర్) 5, 17 కలిసిన డైసెంట్రిక్ (రెండు సెంట్రోమియర్లున్న క్రోమోజోమ్) తెలిసిందే, దాంతో 5క్యూ (5 పొడుగు చెయ్యి) ముక్కా పోతుంది, 17పీ (17 పొట్టి చెయ్యి) మీది టీపీ53 అనే క్యాన్సర్‌ని అడ్డుకునే జీన్ కూడా పోతుంది, అందుకే ఆ కేసులు మొండిగా ఉంటాయి.

మెటాఫేజ్_మామ:
అన్న చెప్పింది కరెక్టే గానీ మధ్యలో చుక్క వచ్చిన ప్రతిదీ ఫ్యూజన్ (జబ్బులో క్రోమోజోములు అతుక్కోవడం) అనుకోకు. మనందరి 2వ క్రోమోజోమ్‌లో క్యూ13 దగ్గర టెలోమియర్ రిపీట్లు ఎదురెదురుగా ఉంటాయి, పూర్వీకుల్లో రెండు క్రోమోజోములు కొనలు కలిసి ఒకటైన గుర్తు. కాకపోతే అవి బాగా చెడిపోయిన రిపీట్లు, మామూలు టెలోమియర్ ప్రోబ్‌కి పెద్దగా వెలగవు. నీది ధగధగ వెలుగుతోందంటే సీరియస్‌గా తీసుకోవాలి. ముందు అదే పేషెంట్ బ్లడ్‌కి పీహెచ్ఏ (టీ సెల్స్‌ని విభజన చెందేలా చేసే పదార్థం) కల్చర్ పెట్టి టీ సెల్స్‌లో చూడు. అక్కడా ఉంటే పుట్టుకతో వచ్చిందే అయ్యుంటుంది, లేకపోతే క్లోన్‌లో (జబ్బు సెల్స్ గుంపులో) వచ్చినట్టు. ఇది చెయ్యకుండా సీనియర్‌తో వాదన పెట్టుకోకు 😀

రాజమండ్రి_రాము:
మధ్యలో దూరుతున్నందుకు సారీ అండీ, మా నాన్నగారికి ఎమ్‌డీఎస్, ఎవరో టెలోమియర్ పెంచే క్యాప్సూల్స్ అని వాట్సాప్‌లో పంపారు. వాడొచ్చా?

సైటోల్యాబ్_అన్న:
వద్దు రాము గారూ, మీ హెమటాలజిస్ట్‌ని అడక్కుండా ఏదీ మొదలుపెట్టకండి. క్యాన్సర్ సెల్స్ చాలావరకు టెలొమరేజ్‌ని ఆన్ చేసుకునే బతుకుతాయి. 2024లో అమెరికాలో ఎఫ్‌డీఏ కొందరు లో రిస్క్ ఎమ్‌డీఎస్ పేషెంట్లకి, తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చేవాళ్ళకి, ఇమెటెల్‌స్టాట్ అనే మందుకి అనుమతిచ్చింది, అది టెలొమరేజ్‌ని ఆపే మందు. ఆ క్యాప్సూల్స్ వాళ్ళు చెప్పేదానికి పూర్తి రివర్స్.

జెనెటిక్స్_పిల్ల:
థ్యాంక్యూ అన్నా, మామా. ఇప్పుడే మళ్ళీ చూశా, రెండు నొక్కులున్నాయి, బాగా దగ్గర దగ్గరగా! మరి డివిజన్‌లో చెరో వైపు లాగి తెగిపోవాలి కదా?

మెటాఫేజ్_మామ:
దూరంగా ఉంటే తెగుతుంది, మళ్ళీ అతుకుతుంది, మళ్ళీ తెగుతుంది, బార్బరా మెక్‌క్లింటాక్ అనే సైంటిస్ట్ మొక్కజొన్నలో చూసింది ఇదే. దగ్గరగా ఉంటే రెండూ కలిసి ఒకే వైపు పోయే ఛాన్స్ ఎక్కువ, లేదా ఒకటి పనిచెయ్యడం మానేస్తుంది. అందుకే నీది అన్ని సెల్స్‌లో ఒకేలా నిలిచుంటుంది. పీహెచ్ఏ రిజల్ట్ వచ్చాక ఇక్కడే పెట్టు.