కాలువగట్టు చీకట్లో సైకిల్‌కు ఎలాంటి లైటు కావాలి?

ప్రశ్న:
రాత్రి పదకొండుకు డ్యూటీ దిగి కంకిపాడు నుంచి మా ఊరికి సైకిల్ మీద వెళ్తాను. సగం దారి కాలువగట్టు, వీధి దీపం ఒక్కటీ లేదు. ఇప్పటికి ఫోను టార్చి హ్యాండిల్‌కు కట్టుకుని నడుపుతున్నాను. ఎదురుగా లారీ వస్తే రోడ్డు అంచు కనిపించడం లేదు. దుకాణంలో వెయ్యి ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) లైటు చూపించారు. అంత అవసరమా? వెనక రిఫ్లెక్టర్ ఉంది, అది చాలదా?

జవాబు 1:
చాలదండీ. దయచేసి వెనక లైటే ముందు కొనండి. రిఫ్లెక్టర్ తనంతట తాను వెలగదు, వెనక బండి వెలుగు దాని మీద పడాలి. హెడ్‌లైటు లేని ట్రాక్టరు వస్తే అది ఉన్నా లేనట్టే. ఎర్ర లైటును ఆగకుండా వెలిగేలా పెట్టండి. మిణుకుమనేది త్వరగా కంటపడుతుంది గానీ, మీరెంత దూరంలో ఉన్నారో డ్రైవరుకు అందదు. జర్మనీలో సైకిల్‌కు మిణుకు లైటును చట్టమే ఒప్పుకోదు.

నేను బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు, తొక్కుతాను. 300 కిలోమీటర్లకు 20 గంటలే గడువు, రాత్రి ప్రయాణం తప్పదు. ఆ అనుభవంతో చెబుతున్నాను: వీధి దీపాలుంటే 100-200 ల్యూమెన్లు చాలు, మీ గట్టుకు 300-400 కావాలి. పెట్టె మీది అంకె కంటే వెలుగు ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. గుండ్రంగా చిమ్మే టార్చి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, వాళ్లకు మీరూ కనబడరు, రోడ్డూ కనబడదు. పైభాగం కోసినట్టు వెలుగునిచ్చే లైటు అడగండి. గోడకు ఎదురుగా సైకిల్ నిలబెట్టి చూడండి, వెలుగు పై అంచు లైటు ఎత్తుకు కిందే ఉండాలి.

జవాబు 2:
హబ్ డైనమో కూడా ఆలోచించండి. అది చక్రం నడిమధ్యే ఉండి, చక్రం తిరుగుతుంటే కరెంటు పుట్టిస్తుంది. 6 వోల్టులు, 3 వాట్లు, ఛార్జింగు బెడద లేదు. టైరుకు రాసుకునే పాత డైనమోలా వానలో జారదు.

జవాబు 1:
మంచిదే, కానీ దానికోసం చక్రం మళ్లీ అల్లించాలి. రోజూ ఇల్లు చేరేవారికి ఛార్జింగు లైటు చాలు. ఐపీఎక్స్4 అని రాసి ఉందో లేదో మాత్రం చూసుకోండి, వాన చినుకులకు తట్టుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు అన్నా. క్యారియర్ మీద టిఫిన్ సంచీ ఉంటుంది. సీటు కింద లైటు పెడితే సంచీ అడ్డం రాదా?

జవాబు 1:
వస్తుంది. క్యారియర్ చివర బిగించండి. సంచీ పెట్టాక ఎవరినైనా సైకిల్ పట్టుకోమని, మీరే వెనక్కి నడిచి చూడండి. చీలమండలకు మెరిసే పట్టీలు కూడా కట్టుకోండి. పెడల్‌తో పాటు అవి పైకీ కిందికీ ఆడుతుంటే, ముందున్నది సైకిల్ తొక్కే మనిషని డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది.