నాచు తగ్గిందా, చోటు మార్చిందా? జీబ్రా, క్వాగా ఆల్చిప్పలపై చర్చ

తేటనీరు:
అమెరికా, కెనడాల మధ్య ఉన్న గ్రేట్ లేక్స్ అనే అయిదు పెద్ద సరస్సుల్లోకి (సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో) 1980లలో ఓడల బ్యాలస్ట్ నీటితో, అంటే ఓడ నిలకడ కోసం నింపుకునే నీటితో పాటు జీబ్రా ఆల్చిప్పలు వచ్చిపడ్డాయి. 1988లో హ్యూరన్, ఈరీల మధ్య ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సులో వాటిని గుర్తించారు. కొద్దికాలానికే వాటి దగ్గరి చుట్టం క్వాగా కూడా దిగింది. రెండూ నల్ల సముద్రం, కాస్పియన్ వైపు నుంచి వచ్చినవే. ఎదిగిన ఆల్చిప్ప ఒక్కటే రోజుకు సుమారు లీటరు నీటిని వడకట్టి అందులోని నాచును తినేస్తుంది. ఇప్పుడు మిషిగన్ సరస్సు నడిమధ్య నీళ్లు సుపీరియర్ సరస్సు కంటే తేటగా ఉన్నాయంటున్నారు. పైపులు మూసుకుపోతాయి, స్థానిక ఆల్చిప్పలు చచ్చిపోతాయి, అవన్నీ ఒప్పుకుంటాను. కానీ నీటి నాణ్యత వరకే మాట్లాడుకుంటే, కోట్లు పోసినా చేయలేని పని ఇవి ఉచితంగా చేస్తున్నట్టే కదా?

పాచిబాట:
తేటనీరు గారూ, మీరు నడిమధ్య నిలబడి చూస్తున్నారు. ఒడ్డుకు రండి.

నీళ్లు తేటపడితే వెలుతురు అడుగుదాకా దిగుతుంది. అక్కడ రాళ్లకు అతుక్కుని పెరిగే క్లాడోఫోరా అనే పచ్చనాచు ఉంది. దానికి ఇప్పుడు వెలుతురూ దొరికింది, ఎరువూ దొరికింది. ఎరువు ఎక్కడిదంటారా? ఆల్చిప్ప తిన్నదంతా ఒంటబట్టదు, ఫాస్ఫరస్‌లో కొంత కరిగిన రూపంలో అక్కడే విసర్జిస్తుంది. అంటే నడిసరస్సుకు చేరాల్సిన పోషకాలు ఒడ్డు దగ్గర అడుగునే ఆగిపోతున్నాయి. ఆ నాచు తెగి, గట్టుకు కొట్టుకొచ్చి కుళ్లుతుంది. కుళ్లినచోట ఆక్సిజన్ ఉండదు, బొట్యులిజం అనే ప్రాణాంతక విషజబ్బు తెచ్చే బాక్టీరియాకు అదే కావాలి. నీటిపక్షులు గుంపులుగా చచ్చిపోవడం వెనక ఈ గొలుసే ఉందని చాలామంది పరిశోధకుల అనుమానం.

కాబట్టి నాచు తగ్గిందని నేను అనను. తేలే నాచు తగ్గింది, అంటుకునే నాచు పెరిగింది.

అడుగుమట్టి:
తేలే నాచు తగ్గడం కూడా అంత సంబరపడాల్సిన విషయం కాదండీ. మిషిగన్ సరస్సులో ఏటా వసంతంలో విరగబూసే డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు క్వాగా వచ్చాక దాదాపు కనుమరుగయ్యాయి. అడుగు మట్టిలో బతికే, చేపలకు ముఖ్యమైన తిండి అయిన డైపోరియా అనే చిన్న రొయ్యలాంటి జీవి కూడా కుప్పకూలింది. జీబ్రాకు అంటుకోవడానికి గట్టి చోటు కావాలి, లోతు కూడా పెద్దగా పడదు. క్వాగా అలా కాదు, చల్లటి లోతు నీళ్లలో మెత్తటి బురద మీద కూడా కాపురం పెడుతుంది. అసలు టెన్షన్ అదే.

లెక్కలమాస్టారు:
అందరూ ఆల్చిప్ప మీదే పడ్డారు. 1960లలో ఈరీ సరస్సు చచ్చిపోయిందని పత్రికలు రాసినప్పుడు అక్కడ ఒక్క జీబ్రా కూడా లేదు. సబ్బుపొడుల ఫాస్ఫరస్, మురుగునీరు దాన్ని ఆ స్థితికి తెచ్చాయి. 1972లో రెండు దేశాల ఒప్పందం కుదిరి, ఆ ఫాస్ఫరస్ తగ్గాక సరస్సు కోలుకుంది. అప్పటికి కూడా ఆల్చిప్పలు రాలేదు! ఇక 2014 ఆగస్టులో ఈరీ ఒడ్డునున్న టొలీడో నగరంలో నాచు నుంచి పుట్టే మైక్రోసిస్టిన్ విషం వల్ల నాలుగు లక్షల మందికి పైగా జనం కుళాయి నీళ్లు తాగలేకపోయారు, మరిగించినా ఆ విషం పోదు. ఆ ఏడాది ఏమైంది? పొలాల ఎరువు ఈరీలో కలిసే మామీ నది వెంట వచ్చింది. వసంతంలో ఆ నది తెచ్చే ఫాస్ఫరస్‌ను బట్టే వేసవిలో నాచు ఎంత పుడుతుందో ముందుగా అంచనా వేస్తున్నారు. ఆ లెక్కకు ఆల్చిప్పల సంఖ్య అక్కర్లేదు.

పాచిబాట:
మాస్టారూ, పశ్చిమ ఈరీ విషయంలో మీతో వాదించను. అక్కడ ఫాస్ఫరస్ అంత పొంగిపొర్లుతుంటే ఆల్చిప్ప ఉన్నా లేకున్నా నాచు వస్తుంది. మరి హ్యూరన్ సరస్సులోని సాగినా అఖాతం సంగతి? ఆల్చిప్పలు చేరాక 1990లలో ఆ మైక్రోసిస్టిన్ విషాన్ని పుట్టించే మైక్రోసిస్టిస్ అనే నాచు అక్కడ మళ్లీ విజృంభించింది. పిల్లాడు కంచంలో నచ్చనిది పక్కకు నెట్టినట్టు, ఆల్చిప్ప మైక్రోసిస్టిస్ గుంపులను జిగురులో చుట్టి ప్రాణాలతోనే బయటికి ఊసేస్తుంది. పోటీకొచ్చే మిగతా నాచును మాత్రం తినేస్తుంది. విషపు నాచుకు ఇంతకంటే మంచి స్నేహితుడు దొరకడు. మిషిగన్ రాష్ట్రంలోని చిన్న సరస్సులను పోల్చి చూసినప్పుడు కూడా, ఫాస్ఫరస్ తక్కువున్న చోటే ఈ ప్రభావం స్పష్టంగా కనిపించింది. అంటే శుభ్రంగా ఉన్న సరస్సుకే ముప్పు ఎక్కువ.

తేటనీరు:
అయితే నెదర్లాండ్స్ సంగతి చెప్పండి. అక్కడ చేసిన ప్రయోగాల్లో ఇవే జీబ్రాలు మైక్రోసిస్టిస్‌ను తిన్నాయి. అమెరికాలోని హడ్సన్ నదిలోనూ 1990ల మొదట్లో ఇవి నిండిపోయాక తేలే నాచు 80 శాతానికి పైగా పడిపోయింది. ఒకచోట జరిగింది పట్టుకుని అన్నిచోట్లా అంతే అనడం న్యాయమా?

అడుగుమట్టి:
గుంపు పెద్దదా చిన్నదా, ఏ రకం మైక్రోసిస్టిస్ అన్నదాన్ని బట్టి ఆల్చిప్ప తినడం, ఊసేయడం మారుతుంది. అందుకే ఫలితాలు కలవవు. హడ్సన్‌లో నాచు తగ్గాక నీటిలో కరిగిన ఆక్సిజన్ కూడా తగ్గింది, ఆ ముక్క వదిలేశారు మీరు. వడకట్టే ఆల్చిప్పలు ఊపిరి పీల్చవా మరి.

లెక్కలమాస్టారు:
సరే, ఇంతకీ చేయాల్సిందేమిటి? విశాలమైన సరస్సు అడుగంతా పరుచుకున్న క్వాగాను ఏరేసే మందు లేదు. మన చేతిలో ఉన్నది ఫాస్ఫరస్ ఒక్కటే. ఈరీకి 2008తో పోలిస్తే 40 శాతం తగ్గించాలని 2016లో లక్ష్యం పెట్టుకున్నారు. మిగతా సరస్సులకూ అదే చేయాలి.

పాచిబాట:
అక్కడే చిక్కంతా. మిషిగన్ సరస్సులో ఫాస్ఫరస్ ఇంకా తగ్గిస్తే ఒడ్డున క్లాడోఫోరాకు పగ్గం పడొచ్చు, కానీ ఇప్పటికే తిండిలేని నడిసరస్సు చేపలు ఇంకా మాడిపోతాయి. పెంచితే చేపల సంగతేమో గానీ ఒడ్డంతా కుళ్లు. ఆల్చిప్పలు రాకముందు మొత్తం సరస్సుకు ఒకే పరిమితి సరిపోయేది. ఇప్పుడు ఒడ్డుకూ నడిమధ్యకూ లెక్క వేరు. నన్నడిగితే ఒడ్డు పక్షమే: తీరంలో కలిసే నదులూ మురుగుకాలువల దగ్గర కోత పెట్టాలి. చేపల శాఖవాళ్లు ఒప్పుకోరు, తెలుసు.

లెక్కలమాస్టారు:
ఒప్పుకోరు సరే, కానీ ఒడ్డున తగ్గించిన ఫాస్ఫరస్ నడిమధ్యకూ తగ్గుతుంది కదండీ. రెండు లెక్కలు ఎలా విడదీస్తారు?